మూడు జానల లోపు కిటికీ

నిన్న రేపల్లెలో మా అమ్మాయి ఇంటి గుమ్మం ఎక్కుతుండగానే పుట్టీ వాసన వచ్చింది. వాళ్లది పాత చెక్క కిటికీల ఇల్లు, పగిలిన అద్దాలు ఒక్కొక్కటే మార్పిస్తున్నారు. సుద్ద, అవిసె నూనె కలిసిన ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు బాపట్లలో మార్తమ్మగారి అద్దాల కొట్టే గుర్తొస్తుంది. భర్త పోయాక కొట్టు ఒంటిచేత్తో నడుపుకొచ్చిన మనిషి. ఒంటిచేత్తో అంటే నిజంగానే. కుడిచేతి వేళ్లు రెండు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉండేవి.

తొంభైల మొదట్లో నేనక్కడ లెక్కల మాస్టర్ని. మా అద్దెయింటి వీధి గుమ్మం పక్కన పొడవాటి కిటికీ, దాని అద్దం పగిలింది. మామగారు వస్తున్నారు, పరువు పోతుందని హడావుడిగా వెళ్లి మామూలు అద్దం కోసిమ్మన్నాను. కొలతలు కాగితం మీద రాసుకెళ్లాను కూడా. ఆవిడ కాగితం చూడనే లేదు. కిటికీ నేల నుంచి ఎన్ని జానల ఎత్తులో మొదలవుతుందని అడిగింది. ఒక్క జానే అన్నాను. ఇంట్లో పిల్లలున్నారా అంది. రెండేళ్ల పాప ఉందన్నాను.

"మూడు జానల లోపు కిటికీకి మామూలు అద్దం ఇవ్వనండి మాస్టారూ. అది పగిలితే కత్తులే. బస్సు అద్దం తెచ్చుకోండి."

ఒళ్లు మండింది. అయినా తెనాలి వెళ్లి, పాత సామాన్ల కొట్లో బస్సు కిటికీ అద్దం ఒకటి కొని, దుప్పట్లో చుట్టి, రైల్లో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. తీరా చూస్తే రెండంగుళాలు పెద్దది. ఈ రకం అద్దాన్ని కొయ్యలేమని ఆవిడ చెబితే నేను వింటానా, లెక్కల మాస్టర్ని! వడ్రంగి దగ్గర అద్దం కోసే కలం అరువు తెచ్చి గీత పెట్టాను. సగం గీత కూడా పడలేదు, అద్దమంతా కల్లుప్పులా నా పాదాల మీద రాలిపోయింది.

తల వంచుకుని మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాను. ముందే చెప్పానుగా అని ఆవిడ అనలేదు. కాళ్లు తెగాయా అని మాత్రం అడిగింది. గీరుకుపోను కూడా లేదన్నాను.

"అందుకేనండి అది తెమ్మన్నాను. దాన్ని మన కిటికీకి సరిపెట్టలేం, కిటికీనే దానికి సరిపెట్టుకోవాలి."

కాస్త చిన్నదైన ఇంకో బస్సు అద్దం తనే తెప్పించి, వడ్రంగి చేత చుట్టూ చెక్కపట్టీలు వేయించి బిగించింది. అది వచ్చేదాకా కిటికీకి అడ్డంగా చెక్క కొట్టించింది. మామగారు ఆ చెక్కనే చూసి వెళ్లారు.

నాలుగు నెలల తర్వాత మా పాప మూడు చక్రాల సైకిలుతో ఆ అద్దాన్ని గుద్దేసింది. చప్పుడుకి నా పైప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి చూస్తే, రాలిన పలుకుల మధ్య కూర్చుని వాటిని గుప్పిట్లోకి ఏరుకుంటోంది. సిగ్గెందుకు, ఏడ్చేశాను. ఎత్తుకుని తిన్నగా కొట్టుకి తీసుకెళ్లాను. మార్తమ్మగారు పాప గుప్పిళ్లు విప్పించి, ఆ ముడుచుకుపోయిన చేత్తోనే ఒక్కో వేలూ వంచి, చాచి చూసింది.

"నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఇలాంటి అద్దం పెట్టించలేదండి" అంది నవ్వుతూ. ఆ వేళ్ల సంగతి నాకు ఆ రోజే అర్థమైంది.

నిన్న అద్దాలతను తర్వాతి కిటికీ వెడల్పు, ఎత్తు రాసుకుని లేచాడు. నేల నుంచి ఎన్ని జానలో అడగవేంటి బాబూ అన్నాను. అతను మా అమ్మాయి వైపు చూశాడు.

"మొదలెట్టావా నాన్నా" అని నవ్వి, మా అమ్మాయి కిటికీ కింద కూర్చుంది. అయిదు వేళ్లూ బాగా చాచి, నేల నుంచి గోడ మీద జానలు కొలవడం మొదలుపెట్టింది.