పేర్లు తీసేసిన ఫైలు

నేను ఆదోనిలో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ల వివరాలు పరిశోధనకు కావాలని ఒక కాలేజీవాళ్లు అడిగారు. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ తీసేసి, ఊరు, వయసు, పని, జబ్బు మాత్రం ఉంచి ఫైలు సిద్ధం చేశాను. ఇక పంపడమే మిగిలింది.

అంతలో రిపోర్టులు ఇవ్వడానికి వచ్చిన నర్సు నా వెనక నిలబడి స్క్రీన్ చూసింది. ఆమెది నందవరం దగ్గర చిన్న పల్లె.

"ఈ ముప్పైనాలుగేళ్లామె మా ఊరి టైలరమ్మే గదన్నా? మా ఊర్లో మిషన్ కుట్టేది ఆమె ఒక్కతే."

ఆ వరుసలో చివర హెచ్ఐవీ అని ఉంది. నా అరచెయ్యి దానంతటదే వెళ్లి స్క్రీన్ మీద పడింది.

"ఏమైందన్నా ఆమెకు?"

"అది సెప్పగూడదమ్మా."

ఆమె అప్పటికే చదివిందో లేదో నాకు తెలియలేదు. ఆ మాట ఊళ్లోకి పోతే టైలరమ్మకు గుడ్డలు ఇచ్చేవాళ్లుండరు. నేరుగా డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను.

"పేర్లు తీసేసినావు గదప్పా, ఇంకేం భయం?" అన్నారాయన విసుగ్గా.

"పేరు లేకపోయినా ఇప్పుడే ఒకరు గుర్తుపట్టినారు సార్."

ఆయన లేచి వచ్చి ఆ వరుస చదివారు.

"ఊరు, పని రెండూ తీసెయ్యప్పా. వయసు ముప్పై నుంచి నలభై అని పెట్టు. అందరికీ అట్లే మార్చు."

ఫైలు మరుసటి రోజు పంపాం.

తర్వాతి నెల టైలరమ్మ మందులకు వచ్చింది. వరండాలో నర్సు ఆమెను ఆపడం చూసి గబగబా అటు నడిచాను.

"అక్కా, రవిక గుడ్డ తెచ్చినా, ఎప్పటికిస్తావు?" అని అడుగుతోంది నర్సు.