తగ్గితే సంజాయిషీ

మా బావ మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజున అరగంట సేపు పైకప్పు వంకే చూస్తూ కూర్చున్నాడు. దూలం మూలన పిచ్చుక ఒకటి గూడు పెడుతోంది. ఆయన వెళ్ళాక మా అక్క, "ఈయన చూడ్డానికి వచ్చింది నన్నా, మన దూలాన్నా?" అని అడిగింది. అయినా ఆయన్నే చేసుకుంది. అటవీ శాఖలో అందరూ ఆయన్ని పైచూపు అనేవారు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా ఆయన చూపు మన తల మీదుగా ఏదో ఒక కొమ్మకు పోయేది. అధికారులకు అది పొగరులా కనిపించేది. పొగరు కాదు, ఉద్యోగం.

ఆయన ఉద్యోగం వడ్రంగిపిట్టల్ని లెక్కపెట్టడం. నవ్వకండి. నేనూ మొదట్లో నవ్వినవాణ్ణే. చాలా దేశాలు కలిసి, అడవుల్లో బతికే జీవరాశిని కాపాడతామని ఒక ఒప్పందం రాసుకున్నాయి. సంతకాలు పెట్టడం ఎవరైనా పెడతారు. మాట నిలబెట్టుకుంటున్నారో లేదో చూడ్డానికి ఐదేళ్ళకోసారి ఒక సమీక్షా సంఘం కూర్చుంటుంది. అడవిలో ఉన్న ప్రతి పురుగునూ ఎవరూ లెక్కపెట్టలేరు కాబట్టి, ఒక్కో అడవికి ఒక్కో ప్రాణిని గుర్తుగా పెట్టుకున్నారు. మా అడవికి వడ్రంగిపిట్ట పడింది. అది ముసలి చెట్లూ, ఎండి నిలబడ్డ మోళ్ళూ ఉన్నచోటే తొర్ర తొలుస్తుంది. అది ఖాళీ చేసిన తొర్రల్లో గుడ్లగూబలు, ఉడతలు, తేనెటీగలు కాపురం పెడతాయి. అది బాగుంటే మిగతావీ బాగున్నట్టే.

సమీక్షా సంఘం వేసే నివేదిక ఇటుకంత లావుంటుంది. అందులో ఎక్కడో ఒక పట్టిక, ఆ పట్టికలో ఒక గడి మాది. ఆ గడిలో అంకె వేసేది నేను. ఆ ఆఫీసులో గుమాస్తాగా నన్ను చేర్పించింది కూడా బావే. "బుద్ధిమంతుడండీ, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది" అని చెప్పాడట. చేతిరాత సంగతి మాత్రం నిజం.

బావ లెక్కపెట్టే తీరు మీకు చెప్పాలి. గుడ్లు పెట్టే కాలంలో తెల్లవారకముందే ఉత్తరపు వాలు మీదికి వెళ్ళేవాడు. తొర్ర ఉన్న ప్రతి చెట్టుకూ తెల్లరంగుతో తనే నంబరు వేసుకున్నాడు. చెట్టుకు ఎదురుగా వీపు ఆన్చి కూర్చుని, ఎడమ జేబు నిండా గులకరాళ్ళు పోసుకునేవాడు. వడ్రంగిపిట్టల్లో రాత్రి పూట మగది గుడ్ల మీద ఉంటుంది. పొద్దున్నే ఆడది వచ్చి తొర్ర అంచున వాలగానే అది బయటికి ఎగిరిపోతుంది. ఆ రెండిటినీ కళ్ళారా చూస్తేనే ఒక రాయి కుడి జేబులోకి మారేది. మగది ఒక్కటే కనబడితే మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. మూడు పొద్దులు చూసినా రెండోది రాకపోతే ఆ తొర్ర లెక్కలో లేనట్టే. "మొగుడొక్కడే ఉంటే అది సంసారం ఎలా అవుతుందిరా?" అనేవాడు. తర్వాత చిన్న నోటుపుస్తకంలో రెండు వరసలు రాసేవాడు. మొదటి వరస మొత్తం తొర్రలు, రెండో వరస జతలు. ముప్ఫై ఏళ్ళు అలాగే రాశాడు.

తప్పు నాది. ఒక ఏడు ఆ నోటుపుస్తకం వానకు తడిసి నా చేతికొచ్చింది. మొదటి వరసలో ముప్ఫై ఎనిమిది అని కనిపిస్తోంది. రెండో వరస సిరా కరిగి మరకైపోయింది. ఫారం పంపడానికి అదే ఆఖరి రోజు. బావ అడవిలో ఉన్నాడు, వచ్చేసరికి రెండ్రోజులు పడుతుంది. గడి ఖాళీగా ఉంటే ఫారం తిరిగొస్తుంది, తిరిగొస్తే నాకు చీవాట్లు పడతాయి. జతల గడిలో ముప్ఫై ఎనిమిది అని టైపు కొట్టి పంపేశాను. బావ వచ్చాక అడిగి సవరించొచ్చులే అనుకున్నాను. ఆయన వచ్చాడు. నేను అడగలేదు, పనిలో పడి మరిచిపోయానని నాకు నేను చెప్పుకున్నాను.

మరుసటి ఏడు బావ రెండో వరసలో ఇరవై మూడు అని రాశాడు. అది ఉన్నదున్నట్టు కొట్టలేను. ఎందుకంటే మా ఫారం అడుగున సన్న అక్షరాలతో ఒక నిబంధన ఉంది. సంఖ్య పెరిగితే ఏమీ రాయక్కర్లేదు. తగ్గితే మాత్రం కారణాలు వివరిస్తూ సంజాయిషీ ఇవ్వాలి, దాని మీద ముగ్గురు అధికారుల సంతకాలు కావాలి. ఏ అడవి ఎలా పోతున్నా నివేదికలో అన్నీ పచ్చగా కనిపించడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరు చేయగలరు? ముప్ఫై ఎనిమిది నుంచి ఇరవై మూడంటే ముగ్గురు అధికారులూ నా మెడ పట్టుకుంటారు. ముప్ఫై తొమ్మిది అని కొట్టాను.

ఆ తర్వాత అలవాటైపోయింది. పదకొండేళ్ళు తొర్రల అంకెనే జతల గడిలో వేశాను. పాత తొర్రలు ఎక్కడికీ పోవు, కొత్తవి ఒకటో రెండో కలుస్తాయి, కాబట్టి మా అడవి ఏటేటా బాగుపడుతూనే వచ్చింది. ఇదొక్కటే అయితే కాగితాల మీది అబద్ధం అని సరిపెట్టుకునేవాణ్ణేమో. కానీ పిట్టలు ఇంత బాగా పెరుగుతున్నాయి కదా, ఎండిన మోళ్ళు ఎందుకు దండగ అని పైనుంచి ఉత్తరువు వచ్చింది. నంబరు వేసిన తొర్ర చెట్లు వదిలేసి, ఉత్తరపు వాలు మీద ఏడాదికిన్ని మోళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. పిట్టలు పురుగులు ఏరుకు తినేది ఆ మోళ్ళలోనే. నా అంకె పెరిగినకొద్దీ గొడ్డళ్ళు పెరిగాయి, గొడ్డళ్ళు పెరిగినకొద్దీ బావ రెండో వరస చిక్కిపోయింది. ఆ ఉత్తరువుల నకళ్ళు తీసి ఫైల్లో పెట్టింది కూడా నేనే. సిగ్గు లేదా అని మీరు అడగొచ్చు. ఉంది. దాన్ని ఫైలు కింద పెట్టుకుని కూర్చున్నాను.

బావకు ఇదేమీ తెలియదు. ఆయన ఫారాలు చూసేవాడు కాదు, నా మీద అంత నమ్మకం. ఆదివారాలు వాళ్ళింటికి వెళ్తే కాఫీ తాగుతూ అడిగేవాడు.

"ఒరే, ఇన్నేళ్ళ నుంచి తగ్గుతున్నాయి తగ్గుతున్నాయని రాస్తున్నాను. అంతంత పెద్దవాళ్ళు చదువుతారు కదా, ఒక్కళ్ళూ ఎందుకని అడగరేంట్రా?"

"దేశాలన్నీ కలిసి కూర్చోవాలి కదా బావా, టైం పడుతుంది."

"పడుతుందిలే" అని ఆయన తల ఊపేవాడు. "మనం రాయడమైతే మానకూడదు."

ఆ కాఫీ గొంతు దిగేది కాదని రాస్తే బాగుంటుంది. దిగేది. రెండో కప్పు కూడా తాగేవాణ్ణి.

పోయిన సమీక్షకు సంఘంలోని ఒకావిడ స్వయంగా వస్తానంది. చుట్టుపక్కల దేశాల అడవులన్నిటా వడ్రంగిపిట్టలు తగ్గిపోతుంటే మా దగ్గర మాత్రమే పెరిగాయి. ఎలా పెంచారో చూసి మిగతావాళ్ళకు నేర్పించాలట. మా అడవిని 'కోలుకున్నవి' అనే జాబితాలో చేర్చాలని కూడా అనుకుంటున్నారు. చేరిస్తే ఉత్తరపు వాలు మీది కాపలా చౌకీ ఎత్తేస్తారు, మోళ్ళతో పాటు ముసలి చెట్లకూ నరుకుడు మొదలవుతుంది. మా ఆఫీసు పెద్దసారు కొత్త చొక్కా వేసుకుని సిద్ధమయ్యాడు. బావ ఆనందం వేరు. "చూశావురా, ఎట్టకేలకు అడగడానికి వస్తున్నారు" అన్నాడు. నేను ఆవిడకు గది, కారు ఏర్పాట్లు చూడ్డానికి వెళ్ళాను.

తెల్లవారుతుండగా నలుగురం పదిహేడో నంబరు చెట్టు ముందు కూర్చున్నాం. ఆవిడా, ఆవిడ మాటలు మాకు తర్జుమా చేసే పెద్దసారూ, బావా, ఫ్లాస్కు పట్టుకుని నేనూ. చాలాసేపటికి తొర్రలోంచి మగపిట్ట తల బయటపెట్టి అటూ ఇటూ చూసింది. ఆవిడ సంబరంగా వేలెత్తి ఒకటి అన్నట్టు చూపించింది.

"ఒక్కటేనండీ. జత లేదు. మూడు పొద్దుల్నుంచి చూస్తున్నాను, ఆడది రాలేదు" అన్నాడు బావ. "ఇది లెక్కలోకి రాదండీ."

ఆవిడ సంచీలోంచి కాగితాలు తీసి పెద్దసారుతో ఏదో అంది. ఆయన నవ్వుతూ బావ వైపు తిరిగాడు.

"ఈ వాలు మీద నలభై నాలుగు జతలున్నాయి కదా, తక్కినవి చూపించమంటున్నారు."

బావ కూడా నవ్వేశాడు. "మీరు పొరబడ్డారు సార్. నలభై నాలుగు తొర్రలు. జతలు తొమ్మిది."

ఆవిడ కాగితం బావ చేతికిచ్చింది. పదకొండేళ్ళ అంకెలు వరసగా ఉన్నాయి. పక్కనే 'లెక్కించినవారు' అన్నచోట అన్నిసార్లూ ఆయన పేరు. ఎప్పుడూ పైకే చూసే మనిషి ఆ కాగితం మీదికి తల వంచి ఎంతసేపు ఉండిపోయాడో. తర్వాత నా వైపు చూశాడు. నేను ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉన్నాను. అది అప్పటికే బిగించి ఉంది.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు పెద్దసారు. నవ్వు పోయింది.

"నా తప్పేనండీ" అన్నాడు బావ. "జతలు రాయాల్సినచోట తొర్రల లెక్క ఇచ్చాను."

"పదకొండేళ్ళా?"

"అవునండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ తల ఎత్తి, కాదు, నేను అని రెండు మాటలు అనలేకపోయాను. ఆవిడ బావ ముఖంలోకి చూసింది, రాళ్ళు పలచగా ఉన్న ఆయన కుడి జేబువైపు చూసింది. ఇదంతా రాసివ్వగలరా అని పెద్దసారు ద్వారా అడిగింది. ఇస్తానన్నాడు.

మధ్యాహ్నం బావ నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చెబుతున్నాడు, నేను టైపు కొడుతున్నాను. నా అజాగ్రత్త వల్ల, నా అవగాహన లోపం వల్ల అంటూ ముప్ఫై ఏళ్ళ పనిని ఆయన తన నోటితోనే చెత్తబుట్టలో వేస్తున్నాడు. నా వేళ్ళు ఒక్కచోటా తడబడలేదు. మధ్యలో "బావా" అన్నాను.

"నాకింకా ఉన్నది రెండేళ్ళ సర్వీసు. నీకు పదిహేను" అన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. నోటుపుస్తకాలన్నీ తెరిచి రెండో వరస అంకెలు ఒక్కొక్కటిగా చదివాక మాత్రం అన్నాడు.

"ఈసారైనా అంకెలు సరిగ్గా కొట్టు."

ఫలితం దక్కింది. మా అడవి 'కోలుకున్నవి'లో చేరలేదు, 'ప్రమాదంలో ఉన్నవి'లో చేరింది. చౌకీ నిలిచింది, గొడ్డళ్ళు ఆగాయి. నివేదికలో మా గడి కింద చిన్న అక్షరాలతో, మునుపటి లెక్కలు క్షేత్ర సిబ్బంది అనుభవలేమి వల్ల తప్పుగా నమోదయ్యాయని వేశారు. అనుభవలేమి! బావను లెక్కల పని నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు, వచ్చేపోయే బళ్ళ నంబర్లు రాసుకోమని. సవరించిన పట్టికలు ఒక్కరోజులో తయారుచేసినందుకు పెద్దసారు నన్ను నలుగురి ముందూ మెచ్చుకున్నాడు.

ఒక ఆదివారం అక్క వంటింట్లో నన్ను నిలదీసింది.

"నిజం చెప్పరా. మీ బావ అంత తప్పు లెక్కపెట్టాడా? ఆయన బియ్యంలో రాళ్ళు ఏరినా ఎన్నొచ్చాయో చెప్తాడు."

"వయసు కదక్కా. కళ్ళు ఆనడం లేదేమో" అన్నాను. ముందుగది మూడడుగుల దూరం. బావ అక్కడే పేపరు చదువుతున్నాడు. పేపరు తిప్పిన చప్పుడు కూడా వినిపించింది.

ఆ శనివారం అక్క ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కిక్కురుమనకుండా వెళ్ళి, గోడ మీది అక్షరాలన్నీ చదివి వచ్చాడట. సాయంత్రం అక్క నన్ను పిలిపించి డాక్టరు చీటీ నా ముందు పెట్టింది.

"ఈ వయసులో ఇలాంటి దూరపు చూపు తాను చూడలేదన్నాడు డాక్టరు. అద్దాలు కూడా అక్కర్లేదట."

నేను చీటీ మడిచి తిరిగి ఇవ్వబోయాను.

"నువ్వే కదా?" అంది.

"వదిలెయ్యవే" అని ముందుగదిలోంచి బావ అన్నాడు.

"మీరుండండి" అంది అక్క. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "ఒరే, ఆఫీసులో నువ్వు చెప్తావా, నేనొచ్చి చెప్పనా?"

"నేనే చెప్తానక్కా."

"ఎప్పుడు?"

"సోమవారం."

"సరే. నువ్వు చెప్తానన్నావు కాబట్టి నేను రాను."

ఆ సోమవారం పెద్దసారు గది దాకా వెళ్ళాను. వెళ్ళేముందు చేతికి అందిన కాగితం ఒకటి పట్టుకున్నాను, ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని. ఆయన తలెత్తి "ఏంటి?" అన్నాడు. కాగితం ముందు పెట్టి, సంతకం చేయించుకుని బయటికి వచ్చేశాను.

బావ గేటు దగ్గరి నుంచే రిటైరయ్యాడు. ఇది జరిగి నాలుగేళ్ళు. అక్క ప్రతి సోమవారం సాయంత్రం, నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరే వేళకు ఫోన్ చేస్తుంది. పిల్లలు ఎలా ఉన్నారని అడుగుతుంది, బావ బాగానే ఉన్నాడని చెబుతుంది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడదు. నేనూ మాట్లాడను. "సరే, ఉంటాను మరి" అని పెట్టేస్తుంది.