అమెరికా కౌంట్

"నువ్వు ఎవురి మనిషివి షఫీ? నాకు తెలిసేట్టు చెప్పు."

మాలకొండమ్మ ఈ మాట అడిగినప్పుడు రొయ్యల గుంట కట్ట మీద పదిమంది ఉన్నారు. రొయ్యలు సగం వలలో, సగం క్రేట్లలో ఉన్నాయి. ఐస్ లారీ నీళ్లు కారుస్తూ నిలబడి ఉంది.  చెప్పడానికి షఫీ దగ్గర కొత్త రేటు తప్ప ఏమీ లేదు, అది అప్పటికే చెప్పేశాడు.

షఫీది కొడవలూరు. తండ్రి మౌలా, బిట్రగుంట రైల్వే కాలనీలో ఇల్లిల్లూ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. స్టీలు గిన్నెలొచ్చి కళాయిని మింగేశాక కొడుకు రొయ్యల్లోకి వచ్చాడు. మొదట తూకం దగ్గర కూలీ. ఆ తర్వాత ఇరవై రెండేళ్లుగా రొయ్యలు కొని ఎగుమతి చేసే ప్లాంటుకూ రైతుకూ మధ్య నిలబడి బేరం కుదిర్చే పని, కిలోకు రూపాయి కమీషన్. తను ఏజెంటునని చెప్పుకుంటాడు. కట్ట మీద అందరూ బ్రోకరనే అంటారు.

కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. వంద తూగితే వంద కౌంట్, అంటే చిన్న రొయ్య. ముప్పై తూగితే ముప్పై కౌంట్, పెద్ద రొయ్య, పెద్ద ధర. విసురు వలలో పడ్డవాటిని దోసిట్లోకి తీసుకుని కౌంట్ చెప్పడంలో షఫీ దిట్ట. ఒకటీ రెండూ తేడాతో కాటా అతని మాటే చెబుతుంది. తీరం పొడుగునా రైతులు అతన్ని నమ్మడానికి ఆ చేతులు ఒక కారణం. రెండో కారణం మాట. ఇక్కడ రేటు కాగితం మీద రాసుకోరు. రొయ్యలు పట్టడానికి ముందురోజు సాయంత్రం బ్రోకరు కట్ట మీదికి వచ్చి రేటు చెబుతాడు, రైతు సరేనంటాడు, గుంటకు మేత ఆపేస్తారు. ఖాళీ పేగు ఉన్న రొయ్యే ప్లాంటుకు కావాలి. ఆపాక వెనక్కి పోవడం ఉండదు. ఆకలి మీదున్న రొయ్య పక్కదాన్ని కొరుక్కుతింటుంది. మేత ఆపడమే ఇక్కడ సంతకం.

మాలకొండమ్మ చేపలు పట్టే కుటుంబంలోది. విడవలూరు దాటి సముద్రం వైపు మూడెకరాల గుంట కౌలుకు తీసుకుంది. జూన్ చివర్లో ఆ గుంట యాభై ఐదు కౌంట్‌కు వచ్చింది. పట్టేస్తానంది. వద్దన్నది షఫీయే.

"ఇప్పుడు పడితే చైనావోడి తక్కువ బేరమే అక్కా. ఇంకో ఆరు వారాలు మేపు. ముప్పైకి తీసుకురా. అది అమెరికా కౌంట్."

"అమెరికావోడు నీకు ఫోన్ చేసి చెప్పినాడా?"

"రోజూ చేస్తాడు. మాలకొండమ్మ ఎట్టుండాదని అడుగుతాడు."

"మోకాళ్లు నొప్పులని చెప్పు. తైలం పంపమను."

నవ్వుకున్నారు. ఆమె మేపింది. ఆరు వారాల మేత, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల కరెంటు, డీజిలు. అమెరికా వాడి పళ్లెంలో ఎంత రొయ్య అందంగా ఉంటుందో అంత రొయ్యను మాలకొండమ్మ అరువు తెచ్చిన మేతతో పెంచింది. ఆ గుంటలో మొదటినుంచీ అంతా అటు నుంచి వచ్చిందే. సీడ్, అంటే రొయ్య పిల్లల కోసం హేచరీవాళ్లు తెప్పించే తల్లి రొయ్యలు విమానంలో అమెరికా నుంచి దిగుతాయి. ఏ మందు వాడకూడదో అక్కడివాళ్లు చెబుతారు. ఏ సైజు మంచిదో వాళ్లు చెబుతారు. ఆమెవి ఉప్పునీళ్లూ, మోకాళ్లూ మాత్రమే.

రెండువేల ఇరవై ఐదు ఆగస్టు ఆరు, సాయంత్రం. ప్లాంటులో కొనుగోళ్లు చూసే గణేష్ ఫోన్లో కిలో నాలుగు వందల డెబ్బై అన్నాడు. షఫీ కట్ట మీద అదే చెప్పాడు. మేత ఆపారు. కాసేపటికే భారతదేశం మీద సుంకాన్ని యాభై శాతం చేస్తున్నట్టు అమెరికా ప్రకటించింది. ఎవరో చేసే యుద్ధానికి డబ్బు అందేలా ఎవరి చమురో కొన్నందుకట. మాలకొండమ్మ జన్మలో చమురు కొన్నది ఏరేటర్ల కోసమే.

తెల్లారి వల దిగాక గణేష్ ఫోన్ వచ్చింది.

"టీవీ చూడలేదా షఫీ అన్నా? మూడు ఎనభై."

"నాలుగు డెబ్బై నువ్వే గదా చెప్పింది."

"నిన్న నేను చెప్పినాను. ఇయ్యాల అమెరికా చెప్పింది."

"మేత ఆపేసినారు గణేష్. వల గూడా దించినారు."

"అయితే ఎక్కించు. లేదంటే లారీ తిప్పి పంపు. నాకేం ఇబ్బంది లేదు."

ఎండలో రొయ్య ఎంతసేపు ఉంటుందో గణేష్‌కు తెలుసు. షఫీకీ తెలుసు. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, ఇరవై రెండేళ్లుగా రేట్లు చెప్పిన గొంతుతోనే ఆ రేటూ చెప్పాడు. తర్వాత అతనికి అన్నిటికంటే అసహ్యం వేసింది ఆ గొంతు మీదే. కనీసం తడబడి ఉండాల్సింది.

ఎవురి మనిషివని మాలకొండమ్మ అడిగింది అప్పుడే. ఆ వెంటనే క్రేట్లు ఎక్కించమని కూలీలకు చెయ్యి ఊపింది. నాలుగు వేల రెండు వందల కిలోలు తూగాయి. కౌంట్ సరిగ్గా ముప్పై. షఫీ దోసిలి ఆ రోజు కూడా తప్పలేదు.

పది రోజులకు నెల్లూరులో ఒక ఫంక్షన్ హాల్లో 'సుంకాల సవాల్' అని సభ పెట్టారు. ఎగుమతిదారులే ఖర్చు భరించారు. వేదిక మీద జాతీయ జెండా, పక్కన థర్మాకోల్‌తో చేసిన మనిషంత రొయ్య. వారానికి రెండు రోజులు రొయ్యల కూర తిని దేశాన్ని గెలిపించాలని ఒకాయన పిలుపునిచ్చాడు. ఆయన పిలుపు వింటున్న రైతులకు భోజనాల్లో వడ్డించబోయేది కోడి బిర్యానీ. ఒక విద్యార్థి నాయకుడు అమెరికా సామ్రాజ్యవాదం నశించాలని పిడికిలి ఎత్తాడు. అతని టీషర్టు మీద అమెరికా కంపెనీ గుర్తు ఉంది. ఎగుమతిదారుల తరఫున మాట్లాడినాయన కష్టకాలంలో దేశం కోసం అందరం సమానంగా ఓర్చుకోవాలన్నాడు. సమానంగా అనే మాట దగ్గర గొంతు గద్గదమైంది. ముందు వరుసలో గణేష్ చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత విజయభాస్కర్ గారు లేచారు. కావలిలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. తన ఆరెకరాలూ గుంటలకు కౌలుకిచ్చి, ఆ గుంటల వల్ల భూగర్భ జలాలు ఉప్పుతేలుతున్నాయని పత్రికలకు వ్యాసాలు రాస్తారు. ఆయన వేలు ఎత్తి చెప్పారు.

"సామ్రాజ్యం అనేది తిట్టు కాదు, ఒక భావన. దానికి మూడు లక్షణాలు ఉండాలి. పరాయి నేల మీద పాలన. ఆ నేలకు పంపిన అధికారి. ఆ అధికారి వసూలు చేసే పన్ను. అమెరికాకు ఇక్కడ ఈ మూడింట్లో ఒక్కటి లేదు. తన రేవులో, తన దిగుమతిదారు మీద తను సుంకం వేసుకుంది. దీన్ని సామ్రాజ్యం అనడం ఉద్రేకం. శక్తిమంతమైన దేశం అందాం, సరిపోతుంది."

మూడో వరుసలో కూర్చున్న షఫీకి ఆ మాటలన్నీ అర్థమయ్యాయి.  రెండు రోజుల ముందే మాలకొండమ్మ మేనకోడలు రోజారమణి అతనికి ఒక సంగతి చెప్పింది. ఆ పిల్ల ప్లాంటు ప్యాకింగ్‌లో పనిచేస్తుంది. అత్త గుంట లాటు నంబరు ఉన్న సరుకు ఏ డబ్బాల్లోకి పోయిందో కళ్లారా చూసింది.

అతను చెయ్యెత్తాడు. మైకు ఇచ్చారు. రైతు కష్టం చెప్పుకుంటాడని అనుకొని ఉంటారు.

"సార్, అధికారి లేడంటుండారు. సుంకం పడిందని మాలకొండమ్మకు కిలోకు తొంభై రూపాయలు కోసింది ఎవురు సార్?"

"మీ పేరేంటయ్యా?"

"షఫీ. కోసింది నేనే సార్. నన్ను అమెరికా పంపలేదు. జీతం గూడా ఇయ్యలేదు. వాడు అక్కడ నోరు తెరిస్తే నేను ఇక్కడ కోసినాను. అధికారిని పంపాలంటే వాడికి టిక్కెట్టు దండగ గదా."

వెనక ఎవరో నవ్వారు. విజయభాస్కర్ గారు కూడా చిరునవ్వు నవ్వారు.

"బాగా చెప్పావు. కాని అది మార్కెట్టు. అమెరికాలో ధర పడితే ఇక్కడ పడుతుంది."

"ఆ రొయ్యలు అమెరికాకు పోతే గదా సార్ పడేది. జపాన్ డబ్బాల్లో పోయినాయి. జపానోడు ఏం సుంకం వేసినాడో ఆ ముందు వరసలో ఉండే గణేష్‌ను అడగండి."

ఎగుమతిదారుల తరఫు మనిషి మైకు కోసం చెయ్యి చాచాడు. దానికంటే ముందే విజయభాస్కర్ గారు తీర్పు చెప్పారు. "ఇది వ్యక్తిగత వ్యాపార వివాదం. మన చర్చనీయాంశం అంతర్జాతీయం." మైకు తీసుకుపోయారు. భోజనాలకు పిలుపు వచ్చింది. పిడికిలి ఎత్తిన నాయకుడు అందరికంటే ముందు పళ్లెం పట్టుకున్నాడు.

షఫీ తినకుండా బస్సెక్కాడు. దారంతా ఆ మూడు లక్షణాలే నమిలాడు. పాత తెల్లదొరకు కచేరీ కావాల్సి వచ్చింది, తాసీల్దారు కావాల్సి వచ్చింది, తుపాకీ కావాల్సి వచ్చింది. ఇప్పటివాడికైతే, భయపడే అలవాటున్న ప్లాంటు ఒకటి, రేటు మోసుకుపోయే బ్రోకరు ఒకడు ఉంటే చాలు. వాడు వేసిన పన్ను వాడికి పోనక్కర కూడా లేదు. వాడి పేరు చెప్పి గణేష్ వసూలు చేసుకోవచ్చు. రాజుకు తెలియకుండా రాజు పేరున కప్పం రాబట్టుకునేవాళ్లు ఊరికొకడు దొరికే చోటుకు సామ్రాజ్యం కాక ఇంకేం పేరు పెడతారో ఆ చదువుకున్నాయనే చెప్పాలి. ఆయన చెప్పడు. కౌలు డబ్బులు ఆయనకూ ఈ గుంటల్లోంచే వస్తాయి.

గణేష్ వారం తిరగకముందే పని కానిచ్చాడు. షఫీని గేటు దగ్గరికి రావద్దన్నాడు. జపాన్ డబ్బాల మాట ఎవరి నోట వచ్చిందో కనుక్కుని, రోజారమణిని ప్యాకింగ్ నుంచి తీసి రొయ్యల తలలు కోసే చోట పెట్టించాడు. అక్కడ రోజంతా ఐస్ నీళ్లలో చేతులు. షఫీ క్షమించమని అడగడానికి వెళ్తే ఆ పిల్ల చేతులు చూపించలేదు, వెనక్కి పెట్టుకుంది.

"అత్త డబ్బులు అడుగుతావని చెప్పినాను అన్నా నీకు. మైకులో అనౌన్స్ చేసేదానికి గాదు."

 సామ్రాజ్యాన్ని నిలదీశానని హాల్లో అతనికి ఒక్క నిమిషం గర్వం కలిగిన మాట నిజం. ఆ నిమిషం ఖర్చు ఆ పిల్ల వేళ్ల మీద పడింది.

అతను ఇప్పుడు వేరే ప్లాంటుకు చేస్తున్నాడు. చేతికొచ్చిన కమీషన్‌లో సగం మాలకొండమ్మకు ఇవ్వాలని నిర్ణయించుకున్నాడు. ఇంట్లో చెప్పినప్పుడు భార్య షమీమ్ చేస్తున్న పని ఆపలేదు.

"పన్ను వేసినోడు అమెరికావోడు. కోసుకున్నోడు గణేష్. కట్టేది మనమా?"

"మేత ఆపమన్నది నేను షమీమ్."

"అయితే ఆ గణేష్‌ను ఏమీ చేయలేవా?"

"రాత లేదు, కోత లేదు. ఏమని అడిగేది?"

"మరి ఇన్నేళ్లూ మాట, మాట అని ఊరంతా తిరిగినావే."

మొదటిసారి ఇరవై వేలు పట్టుకుని కట్ట మీదికి వెళ్లినప్పుడు మాలకొండమ్మ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. కూర్చోమనలేదు. కొత్త సీడ్ వేసి ఉంది. ఎంత కౌంట్‌కు పడతావని అతను అడిగాడు, అడగకుండా ఉండలేక.

"నాకు తెలిసినప్పుడు పడతా. నువ్వు మటుకు కౌంట్ చెప్పబాక."

ఆ తర్వాత సుంకం తగ్గిందని వార్త వచ్చింది. వచ్చినరోజే గణేష్ ఉండే ఆ పాత ప్లాంటు ముందు టపాకాయలు కాల్చి, దేశం గెలిచిందని బ్యానరు కట్టారు. కొత్త పంటకు రేటు కాస్త పెంచారు. పోయిన పంట గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ పంట మీద కోసింది కిలోకు తొంభై లెక్కన మూడు లక్షల డెబ్బై ఎనిమిది వేలు. షఫీ మూడు విడతల్లో అరవై వేలు ఇచ్చాడు. మూడు లక్షల పద్దెనిమిది వేలు మాలకొండమ్మకు ఇంకా రావాలి.