అప్‌డేట్ వచ్చేదాకా గడ్డం

మా మేనత్త కొడుకు, నాకు బావ, భీమవరంలో ఐసు వ్యాపారం చేస్తాడు. రొయ్యల చెరువుల వాళ్లకి ఐసు తోలడం ఆయన వృత్తి. ఒక హీరోగారి అభిమాన సంఘానికి పట్టణ అధ్యక్షుడిగా ఉండడం ఆయన ప్రాణం. సరుకేమో కరిగిపోయేది కాబట్టి, నిలిచి ఉండేది ఇంకేదో ఒకటి కావాలనుకున్నాడేమో అని మా ఇంట్లో సరిపెట్టుకున్నాం.

గొడవంతా హీరోగారి కొత్త సినిమాతో వచ్చింది. అది మొదలై రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో నిర్మాతలు మాకు చెప్పింది ఒకటే మాట: "అతి త్వరలో." పండక్కి ఒకసారి, హీరోగారి పుట్టినరోజుకి ఒకసారి, ఏమీ లేని రోజున కూడా ఒకసారి. మధ్యలో ఒక పోస్టరు వచ్చింది గానీ అందులో పొగ తప్ప ఏమీ లేదు. మావాళ్లు ఆ పొగని ఫోన్లలో పెద్దది చేసి చూసి, మీసం కనపడుతోందనేవాళ్లూ కనపడట్లేదనేవాళ్లూ అని రెండు వర్గాలుగా చీలిపోయారు.

ఇక లాభం లేదని ఒకరోజు బావ సినిమా హాలు ముందు, కటౌటు కాళ్ల దగ్గర నిలబడి ప్రతిజ్ఞ చేశాడు. రిలీజు తేదీ చెప్పేవరకు గడ్డం తీయడట. అందరూ ఈలలు వేశారు.

"చిన్నదేదైనా చూసుకో బావా. వీళ్లని నమ్మి గడ్డం పెంచితే రేపు తొక్కుకుని పడతావు" అన్నాను నేను.

వినలేదు. నాలుగు నెలలు గడిచాయి. తేదీ రాలేదు, గడ్డం మాత్రం అనుకున్న సమయానికే వచ్చింది. ఈలోగా మా అత్త రామచంద్రపురం నుంచి ఒక సంబంధం తెచ్చింది. ఆదివారం పెళ్లిచూపులు.

"ఈ మొహంతో వస్తే, స్వాములవారు సరే, పెళ్లికొడుకు ఏడండీ అంటారు" అంది అత్త. "ఒరే అల్లుడూ, నువ్వైనా చెప్పరా."

"గురువారం పట్టిసీమలో వాళ్ల షూటింగ్ ఉందమ్మా" అన్నాడు బావ. "డైరెక్టరుగారి నోటితోనే తేదీ చెప్పిస్తాను. శుక్రవారం నున్నగా గీయించుకుంటాను."

"శుక్రవారం గడ్డం గీయకూడదు. శనివారం గీయించుకో" అంది అత్త. ఆవిడ అప్పటికే కేలండరు చూసేసింది.

గురువారం పొద్దున్నే రెండు వ్యానుల్లో బయల్దేరాం. మా అత్త ఎవరినీ ఖాళీ కడుపుతో గుమ్మం దాటనివ్వదు, ధర్నాకైనా సరే. పులిహోర, కోడి పలావు, గోంగూర పచ్చడి, పెరుగు, పూతరేకులు సర్దింది. మజ్జిగలోకి ఐసు బావ తెచ్చాడు.

షూటింగ్ గోదావరి మధ్యలో ఇసుక తిన్నె మీద. మేము ఒడ్డున బ్యానరు కట్టి నినాదాలు మొదలుపెట్టాం. ఒక కుర్రాడు ఊపులో డైరెక్టర్ డౌన్ డౌన్ అన్నాడు. బావ ఆపేశాడు.

"పెద్దాయన్ని అలా అంటారేంట్రా? గారు పెట్టు."

ఆ తర్వాత గోదావరి అంతా "డైరెక్టర్ గారు డౌన్ డౌన్" అని మారుమోగింది. శుభలేఖ పంచుతున్నట్టుంది.

బావ దగ్గర అసలు ఆయుధం వేరే ఉంది. పడవలవాళ్లు మా సంఘం వాళ్లే. యూనిట్ వాళ్ల భోజనాల వ్యాను ఒడ్డుకొచ్చి ఆగితే, ఒక్క గిన్నె కూడా పడవ ఎక్కనివ్వలేదు. వంటాయన చూసి చూసి విసుగొచ్చి, వ్యాను తిప్పుకుని వెళ్లిపోయాడు. మావాళ్లు చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం దాటాక అసిస్టెంట్ డైరెక్టర్ ఒకతను పడవలో వచ్చాడు. ఎండకి కమిలిపోయి ఉన్నాడు. వచ్చీ రాగానే చేతులు జోడించాడు.

"మీ కోపం న్యాయమేనండి. కానీ పొద్దున్నుంచి టీ తప్ప ఏం లేదండి. లైట్ల కుర్రాడికి కళ్లు తిరిగాయి."

బావ మొహం మారిపోయింది. "భోంచేయలేదా? ఇంత పొద్దెక్కేదాకా తినకుండా ఉన్నారా? ముందే చెప్పొద్దాండీ?"

"బావా, ఆపింది మనమే" అని గుర్తుచేశాను.

"అది ధర్నారా. ఇది అన్నం. రెండూ కలపకు."

ఇంకేముంది, మా భోజనాలన్నీ పడవెక్కాయి, వెనకే మేమూ ఎక్కాం. ఇసుక మీద కూర్చోడానికి ఏమీ లేకపోతే బ్యానరే పరిచారు. "సమాధానం చెప్పాలి" అన్న అక్షరాల మీద డైరెక్టరుగారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మావాళ్లు వడ్డన మొదలెట్టారు.

"ఇంకో గరిటె వేసుకోండి."

"చాలండీ, నిజంగా చాలు."

"మీరలా మొహమాటపడితే మా అమ్మ బాధపడుతుందండి" అన్నాడు బావ.

అమ్మ భీమవరంలో ఉంది. ఆవిడ బాధ పట్టిసీమ దాకా రావడంతో ఆయన ఇంకో గరిటె వేయించుకున్నారు. నేను బావని గిల్లాను.

"ఇదే సమయం. అడుగు."

"తింటున్న మనిషిని తేదీ అడుగుతారేంట్రా? పరువుండదూ?"

తిన్నాక అడుగుదామంటే ఆయన గొడుగు కింద నిద్రపోయారు. లేచాక అడుగుదామంటే, లేస్తూనే బావ గడ్డం వైపు చూసి, "ఇది నిజమైనదేనా? మాకు పడవ నడిపే మనిషి కావాలండి" అన్నారు. పది నిమిషాల్లో బావ తలపాగా కట్టుకుని కెమెరా ముందు తెడ్డు వేస్తున్నాడు. నీళ్లలో ఐసు తప్ప ఇంకేదీ తెలియని మనిషి. పడవ గుండ్రంగా తిరిగింది.

షాటు అయ్యాక అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చి, "కంటిన్యుటీ ఉంటుందండి, తర్వాతి షాటులోనూ ఇదే మొహం కనపడాలి. మళ్లీ పిలిచేదాకా గడ్డం తీయకండి" అన్నాడు.

"మళ్లీ ఎప్పుడండి?"

"అతి త్వరలో."

"పోనీ రిలీజు?"

"మాకూ తెలీదండి. మేమూ మీలాగే ఫోన్లో చూసుకుంటాం."

తేదీ కోసం వెళ్లినవాళ్లం గడ్డానికి పొడిగింపు తెచ్చుకున్నాం. అత్త బావతో మాట్లాడడం మానేసింది.

ఆదివారం గడ్డంతోనే రామచంద్రపురం వెళ్లాం. అమ్మాయి కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇద్దరినీ మాట్లాడుకోమని వరండాలోకి పంపారు. అత్త సైగ చేస్తే నేను మడతకాజా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"గడ్డం ఎప్పుడు తీస్తారండి?" అని అడిగింది అమ్మాయి.

"అతి త్వరలోనండి" అన్నాడు బావ.

కాజా నా గొంతులో ఇరుక్కుంది.

"మా తమ్ముడు మీ సంఘంలోనే ఉన్నాడండి" అంది ఆ అమ్మాయి. "ఆ మాట విని విని రెండేళ్లుగా మా ఇంట్లో అందరికీ విసుగొచ్చింది. తేదీ చెప్పండి."

బావ చెయ్యి గడ్డం మీదికి పోయింది. రెండేళ్లుగా తను అరిచిన నినాదమే ఎవరో నెమ్మదిగా, తనకే తిప్పి చెప్పినట్టయింది.

"రేపండి" అన్నాడు చివరికి. "పొద్దున్న తొమ్మిదింటికి."

తిరుగు దారిలో అసిస్టెంట్ డైరెక్టరుకి ఫోన్ చేశాడు. "ఏమీ అనుకోకండి, రేపు గడ్డం తీసేస్తున్నాను. మీ కంటిన్యుటీ పాడైపోతుందేమో."

"తీసేయండి. ఆ షాటు నిన్ననే లేపేశారు, పడవ తిరుగుతోందని. మీకు చెప్పలేదాండీ?"

ఎవరు చెబుతారు?

సోమవారం బావ కటౌటు కాళ్లకి ఒక దండం పెట్టుకుని, సరిగ్గా తొమ్మిదింటికి మంగలి షాపులో కూర్చున్నాడు. ఫొటో నేనే తీసి సంఘం గ్రూపులో పెట్టాను. మాట తప్పాడని ఎవరో రాజీనామా అడగబోయారు గానీ జనం పట్టించుకోలేదు. రెండేళ్లలో ఆ గ్రూపులో మొహం స్పష్టంగా కనపడ్డ పోస్టరు అదొక్కటే.

ఫొటో తమ్ముడి ఫోన్లోంచి అక్కయ్యకి వెళ్లినట్టుంది. మధ్యాహ్నం అమ్మాయికి ఇష్టమేనని కబురొచ్చింది. సాయంత్రానికి పంతులుగారితో మాట్లాడి ముహూర్తం కూడా చెప్పేశారు.

అత్త ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. "ఏరా అల్లుడూ, తేదీ చెప్పడం ఇంత తేలికైనప్పుడు వాళ్లకేంట్రా కష్టం?"

పక్కన బావ నున్నటి గడ్డం తడుముకుంటూ ఫోన్ చూస్తున్నాడు. అప్‌డేట్ ఏమైనా వచ్చిందేమోనని.