ఆ పప్పులో దుమ్ము పోసింది నేనే

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో, సమ్మె నాడు బస్సులన్నీ డిపోల్లో పడుకుంటే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు ఎండాకాలపు ఏరులా నిశ్శబ్దంగా ఉండేది. నేను మాత్రం గాల్లో ఉండేవాణ్ణి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ ఇంటి కుర్రాణ్ణి. నాదర్‌గుల్‌లో హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటున్నాను. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య చీపురుకట్ట నిలబెట్టి సాధన చేస్తుంటే, "ఊడవడానికైతే ఒక్కనాడూ పట్టుకోలేదు కదరా" అనేది అమ్మ.

మాకు నేర్పే సార్ నల్గొండాయన, వైమానిక దళం నుంచి రిటైరైన పైలట్. ఆయన పాఠమంతా కావడి మీదే. "ఎత్తు ఒక కుండ, వేగం ఒక కుండ. దీంట్లకెల్లి దాంట్ల పోసుకోవచ్చు. భూమి దగ్గర రెండూ ఖాళీ చేసుకున్నవనుకో, ఇగ దేవుడే దిక్కు. రెక్కల తిరుగుడు కావడిబద్ద. అది ఇరిగితే కుండలెందుకు?" నేను తలూపేవాణ్ణి. (తలూపడంలో నాకు మొదట్నుంచీ మంచి మార్కులే.)

ఒక మధ్యాహ్నం మేమిద్దరం హెలికాప్టర్‌లో తిరిగొస్తుంటే, నాదర్‌గుల్ దారిలో జనం వంటావార్పు చేస్తున్నారు. రోడ్డు ఆపి, అక్కడే వండి, అక్కడే తినే నిరసన అది. పైనుంచి జెండాలు, నీలిపొగ, వరసగా కూర్చున్న మనుషులు కలలోలా కనిపించారు. ఇంకాస్త దగ్గరగా చూద్దామని, సార్ అటు తిరిగిన క్షణంలో, కిందికి దించి పక్కకు తిప్పాను. తిప్పేసరికి గాలి వెనకనుంచి తోస్తోంది. కింద చెట్లు పరుగులు తీస్తుంటే చాలా వేగంగా పోతున్నామనుకుని, తగ్గిద్దామని మోకాళ్ల మధ్య కర్ర వెనక్కి లాగాను. నిజానికి అది గాలి మమ్మల్ని మోసుకుపోతున్న పరుగు. రెక్కలకు కావలసిన వేగం అప్పటికే అయిపోయింది. హెలికాప్టర్ బరువుగా జారింది. భయపడి, పైకి లేపే ఎడమచేతి లీవర్ లాగితే, బరువు మోయలేక రెక్కల చప్పుడు జోల పాడుతూ తానే కునికే తల్లి గొంతులా నెమ్మదించింది.

"ఇడువు," అన్నారు సార్, మెల్లగా. లీవర్ దించి, ముక్కు ముందుకు వంచి, మిగిలిన కాస్త ఎత్తునూ వేగంగా మార్చుకుని, పొయ్యిల మీదుగా బయటపడ్డారు. రెక్కల గాలికి రోడ్డు పక్క దుమ్మంతా లేచింది. మేం బతికాం. పప్పు బతకలేదు.

మేం దిగిన కాసేపటికే బైకుల మీద జనం వచ్చారు. మొదటి బండి వెనక సీట్లో, చేతిలో గరిటెతో ఒక అవ్వ. "పొద్దుగాల్నుంచి వండిన పప్పుల మన్ను వోసిండ్రు. ఎవరు నడిపింది?" నోరు తెరిస్తే నా యాస బయటపడుతుంది. సార్ వెనక్కి జరిగాను.

"నేనేనమ్మా. మాది నల్గొండే," అన్నారు సార్.

"అయితే నువ్వే తినాలె బిడ్డా."

ఆయన్ని తీసుకెళ్లి వరసలో కూర్చోబెట్టారు. నేను వెనకే వెళ్లి దూరంగా నిలబడ్డాను. మన్ను కరకరమనే ఆ పప్పన్నం ఆయన తలొంచుకుని తిన్నారు.

విచారణలోనూ ఆయనది అదే మాట. రెండేళ్లు ఆయన్ని ఎవరికీ నేర్పనివ్వలేదు. నేను నిజం చెప్పలేదు సరికదా, సార్ పొరపాటు చేయబోతుంటే నేనే హెచ్చరించానని దిల్‌సుఖ్‌నగర్ మిత్రుల దగ్గర కోతలు కూడా కోశాను. (ఈ ఒక్క ముక్క ఒప్పుకోవడానికే ఇంత రాశాను.)

ఈమధ్య చంపాపేటలో ఆయన ఇంటికి వెళ్లి, దారంతా బట్టీపట్టిన క్షమాపణ మొదలుపెట్టాను. సగంలోనే ఆపారు.

"గా అవ్వకు గప్పుడే తెల్సురా. నాకు వడ్డించుకుంట చెవుల అడిగింది. 'నీ చేతులు వణుకుతలేవు, ఆ పిలగాని చేతులు వణుకుతున్నయ్. వాడు బువ్వ తిన్నడా?' అని."

"మీరేమన్నారు?"

"తినలేదని చెప్పిన. ఇంకెక్కడిదో మంచి బువ్వ తెప్పిచ్చి నీకు పంపింది గదా."

నిజమే. ఆ సాయంత్రం నాదర్‌గుల్‌లోనే ఉన్న నాకు ఎవరో మూతపెట్టిన గిన్నె తెచ్చిచ్చారు. ఎవరు పంపారని కూడా అడగకుండా, నా రహస్యం ఎంత భద్రంగా ఉందో అనుకుంటూ, గోడవైపు తిరిగి మొత్తం తినేశాను. అందులో ఒక్క ఇసుక రేణువైనా లేదు.