దిక్కుతోపాటు వాలు

రేడియో చాచా పోయాడని మంగళవారం పొద్దున కబురొచ్చింది. నేను ఏడుస్తుంటే మా అమ్మ దాన్ని వాల్తేరు ఎమ్మెస్సీ సీటు కోసం మొండి ఏడుపనుకుంది. "నాన్న వద్దన్నాక ఇంకేందే" అని కసిరింది. మా వీధి చివర రేడియోలు బాగుచేసే మనిషి కోసమని చెబితే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

నరసరావుపేటకు టీవీలొచ్చిన కొత్తల్లో, బొమ్మ గట్టిగా పడిన వైపే టవరుందని అందరి లెక్క. మా నాన్న యాంటెనా కోటప్పకొండ వైపు తిప్పి, బెజవాడ టవరు అటే ఉందని వాదించాడు. తెర మీద ప్రతి మనిషి పక్కనా ఇంకో నీడమనిషి. చాచా నవ్వలేదు. మాట్లాడే ముందు నోట్లో స్క్రూడ్రైవరు తీసి చొక్కాకు తుడుచుకోవడం ఆయనకు అలవాటు. అలా తుడుచుకుని, "టవరు అల కొండకు తగిలొచ్చిందన్నా. తగిలితే అది ఊగే వాలు మారుద్ది" అన్నాడు. ఒక కడ్డీ అడ్డంగా, ఒకటి నిలువుగా కట్టి, మీటరు తగిలించి చూపించాడు. టవరు నుంచి తిన్నగా వచ్చిన అల అడ్డకడ్డీలోనే పలికింది. కొండ మీంచి వచ్చింది రెండింట్లోనూ పలికింది.

అసలు యాంటెనా తిప్పకుండానే అల ఎటునుంచి వస్తోందో చెప్పాలని ఆయన ఆశ. మా మిద్దె మీద మూరన్నర ఎడంగా అలాంటి నాలుగు జతలు నిలబెట్టాడు. అల ఒక జతను ముందు, పక్కదాన్ని కాస్త వెనక తాకుతుంది. ఆ తేడాలోనే దిక్కుంటుంది. ఆయన మీటరు ముల్లు చూసి చెప్పేవాడు, నేను లెక్క కట్టేదాన్ని. టవరు అలా కొండ అలా రెండూ కలిసొచ్చేసరికి నా లెక్క మధ్యలో ఎటో చూపించింది.

"నీ లెక్కన టవరు పత్తిమిల్లులో ఉందమ్మాయ్" అన్నాడు చాచా. ఇద్దరం చానాసేపు నవ్వుకున్నాం. తర్వాత కాగితం వంక చూస్తూ, "దిక్కొకటే రాశావు. వాలేది?" అన్నాడు.

వాలు కూడా కలిపితే రెండు అలల్నీ విడదీయవచ్చు. ఆ గణితం నా బీఎస్సీ పుస్తకాల్లో లేదు. ఆ మాటే చెప్పాను.

"నా కాడ కడ్డీలుండాయి, లెక్క లేదు. అదెక్కడ చెబుతారో అక్కడికి పో" అన్నాడు. సీటు కాగితం వచ్చిన రోజు దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

నిన్న సాయంత్రం మిద్దెక్కాను. ముల్లు ఎంత పడిందో చెప్పే గొంతు కోసం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. కడ్డీలకు ఆయన బిగించిన సైకిల్ ట్యూబు ముక్కలు ఎండకు బీటలిచ్చాయి. కట్లు మాత్రం వదల్లేదు.

నాన్న వద్దన్నా, సోమవారం వాల్తేరు వెళ్లి చేరుతున్నాను.