ఇరవై అని రాసింది నేనే

మీ దగ్గర పని నేర్చుకునేవాళ్లు మీ మాటను చివరిసారి ఎప్పుడు కాదన్నారు? గుర్తు రాకపోతే, మీరు నేర్పుతున్నది విధేయత.

రిటైరయ్యే ముందు ఏడాది నేను బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో మగవాళ్ల సర్జికల్ వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. మూడో సంవత్సరం నర్సింగ్ విద్యార్థినులకు సొంతంగా నిర్ణయం తీసుకోవడం నేర్పే పనీ నాదే. డాక్టరుకు ఫోన్ చేసేవాళ్లు ఏం చూశారో, ఏమనుకుంటున్నారో, ఏం కావాలో మూడు మాటల్లో చెప్పాలన్నది నా నియమం.

మా వృత్తిలో ఒక దురాచారం ఉంది. నాడి చూస్తాం, బీపీ కొలుస్తాం, ఊపిరి మాత్రం లెక్కపెట్టం. చార్టు పై గడిలో ఇరవై ఉంటే కింద గడిలోనూ ఇరవై వేసేస్తాం.

ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ నుంచి వచ్చే విద్యార్థిని సుగుణ ఓ మధ్యాహ్నం రెండింటికి అప్పలస్వామి ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టింది. ఆయన పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా రిటైరైనవాడు, హెర్నియా ఆపరేషనై రెండో రోజు. జ్వరం లేదు, బీపీ బాగుంది. ఇరవై దాటకూడని లెక్క మాత్రం ముప్పై రెండు. పది గంటల గడిలో ఇరవై ఉంది, పక్కన నా సంతకం.

"నాకేటీ నేదు పాపా... మీ పెద్ద సిస్టరమ్మ... పొద్దున్నే సూసింది... నన్నొగ్గెయ్," అని ఆయన నవ్వాడు.

డాక్టరు గారిని పిలవనా అని సుగుణ నన్ను అడిగింది. నువ్వేమనుకుంటున్నావన్నాను. చార్టులో నా సంతకం పక్కన వేలు పెట్టింది.

"మీరు ఇరవై రాసినారు సిస్టర్. నేను రెండుసార్లు లెక్కెట్టినాను, ముప్పై రెండే. ఈయన ఒక్క మాట ఆగకుండా అనలేకపోతన్నాడు. ఇప్పుడే పిలవాల."

పొద్దున నేను లెక్కపెట్టలేదని ఒప్పుకొని ఫోన్ ఆమెకే ఇచ్చాను. రౌండ్లో చూసినప్పుడు ఇరవయ్యే ఉందిగా అన్నాడు అవతలి హౌస్ సర్జన్. ఆ అంకె తప్పు, మీరొచ్చి చూడాలి అని ఆమె బెంగాలీలో తేల్చి చెప్పింది. ఆయన వచ్చాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము మొదలైందని ఎక్స్‌రేలో తెలిసింది. ఆక్సిజన్ పెట్టారు, మందులు మార్చారు. అప్పలస్వామి తన కాళ్ల మీద ఇంటికి వెళ్తూ, ఆ లెక్కల పిల్ల ఏదని వార్డంతా వెతికాడు.

పెద్దలు రాశారు కాబట్టి నిజమే అయ్యుంటుందన్న నమ్మకం గుడిలో ఉన్నా, చర్చిలో ఉన్నా, చార్టులో ఉన్నా ఒకటే జబ్బు. వార్డులో అది ప్రాణం తీస్తుంది. నాలోనూ ఆ జబ్బు ఉందని ఓ విద్యార్థిని చూపించింది. నా మాటను కాదనడమే నా ఉద్యోగంలో నేను బాగా నేర్పిన పాఠమనుకుంటాను.

రేపు డ్యూటీకి వెళ్లగానే చార్టులో పై గడులన్నీ కాగితంతో కప్పి విద్యార్థిని చేతికివ్వండి. ఆమె తన లెక్క, తన నిర్ణయం చెప్పేదాకా మీరు నోరు విప్పకండి.